టాలీ ప్రైమ్ గోల్డ్: కంప్యూటర్లు మార్చేటప్పుడు ఎక్కడ సుఖం, ఎక్కడ కష్టం

ముందే చెప్పేస్తున్నా. షాపు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్‌ని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మార్చడం పెద్ద పని కాదు. దాని చుట్టూ ఏళ్ల తరబడి మనం పేర్చుకున్నవి మార్చడమే పని. షేర్ చేసిన ఫోల్డరు, బిల్లు పేపరు సైజు, ఎవరో రాసిచ్చిన టీడీఎల్ (టాలీకి మనక్కావలసినవి కలిపే చిన్న ప్రోగ్రాము ఫైలు), ఓనరు గారి ఎక్సెల్ షీటు, ఇవన్నీ. డీలర్లు డబ్బులు అడిగేది మొదటిదానికి. మనకి చుక్కలు కనిపించేది రెండోదానితో. కాబట్టి ఇది టాలీ గురించి రివ్యూ ఎంతో, టాలీ మార్చిపెడతామని వచ్చేవాళ్ల గురించి కూడా అంతే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. టాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 నడిచిన కాలం నుంచీ ఇదే కుర్చీ. షాపులో సిస్టమ్‌లు నాలుగు: కౌంటర్లో బిల్లింగుకి రెండు, గోడౌన్లో ఒకటి, నా టేబుల్ మీద ఒకటి. నా దాన్ని అందరూ సర్వర్ అంటారు గానీ అదీ మామూలు డెస్క్‌టాపే, డేటా అందులో ఉంటుంది కాబట్టి ఆ హోదా వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. మావన్నీ ఆరో తరం, ఏడో తరం. ఆటోనగర్ దుమ్ముకి ఫ్యాన్లు కూడా గరగరలాడుతున్నాయి. ఓనరు గారు బేరమాడి నాలుగూ మార్చేద్దామన్నారు.

సరిగ్గా అప్పుడే జీఎస్టీ రేట్లు కూడా మారాయి. సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ 28 శాతం నుంచి 18కి దిగాయి. ఐటమ్ మాస్టర్లు సరిచేసుకుంటూ, పాత రేటుకి కొన్న సరుకు గురించి పార్టీలతో వాదించుకుంటూ ఉన్న రోజుల్లో కంప్యూటర్లు కూడా మార్చడమంటే, ఆటోనగర్లో అకౌంటెంట్‌గా ఉన్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

మాకు సర్వీసు చేసే కంప్యూటర్ డీలర్ దగ్గర నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వచ్చీ రాగానే "మేడమ్, పాత హార్డ్ డిస్కులు క్లోన్ చేసి కొత్తవాటిలో దింపేస్తాం, మీకు ఏదీ మారినట్టే తెలీదు" అన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. క్లోనింగ్‌ని నేను తప్పుబట్టను. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఉన్న డిస్కుని ఉన్నట్టు ఇంకో డిస్కులోకి దింపొచ్చు. అదే కంప్యూటర్లో పాత డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేస్తున్నప్పుడు అంతకంటే మంచి దారి లేదు. కానీ కంప్యూటరే మారుతున్నప్పుడు క్లోన్ చేస్తే ఏం వస్తుంది? మనం వదిలించుకోవాలనుకున్న విండోస్ 10 మళ్లీ వస్తుంది. పాత మదర్‌బోర్డుకి ముడిపడ్డ విండోస్ లైసెన్సు కొత్తదాంట్లో చెల్లదు. టాలీ లైసెన్సు కూడా హార్డ్‌వేర్‌తో ముడిపడిందే కాబట్టి, క్లోన్ చేసిన డిస్కు కొత్త బోర్డు మీద లేచాక టాలీ అది వేరే కంప్యూటరని గుర్తుపట్టేస్తుంది. పైగా ఎప్పటి నుంచో పేరుకున్న చెత్తంతా కొత్త మెషీన్లోకి వచ్చి కూర్చుంటుంది. వద్దన్నాను. కొత్త విండోస్ మీద కొత్తగా టాలీ వేసుకుందామన్నాను. కుర్రాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, అలా అయితే "టాలీ మైగ్రేషన్ ఛార్జీ" సిస్టమ్‌కి ఇంత అని విడిగా అవుతుందన్నారు.

ఆ మైగ్రేషన్ అనేదాంట్లో ఏముందో చెబుతాను. మీరూ రేపు ఇలాగే బిల్లు చూసుకోవాల్సి వస్తుంది కదా.

టాలీలో మూడు ముక్కలున్నాయి. ప్రోగ్రాము, లైసెన్సు, డేటా. మూడూ దేనికది వేరు. ప్రోగ్రాము టాలీ వాళ్ల సైట్లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. చిన్న ఫైలు. దింపుకుని రెండు నొక్కులు నొక్కితే ఎక్కేస్తుంది. లైసెన్సు లేకపోతే ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అందులో నెలలో 1, 2, 31 తేదీలకి మాత్రమే ఎంట్రీలు వేయగలం. చాలామంది టాలీ నేర్చుకున్నది ఆ మూడు తేదీల మీదే. ఇక లైసెన్సు. పాత మెషీన్లో ఎఫ్1 హెల్ప్‌లోకి వెళ్లి లైసెన్సు సెట్టింగుల్లో సరెండర్ నొక్కాలి. ఇంటర్నెట్ ఉండాలి, టాలీ డాట్ నెట్ ఐడీ, పాస్‌వర్డ్ చేతిలో ఉండాలి. సరెండర్ అవగానే పాతది ఎడ్యుకేషన్ మోడ్‌లోకి పోతుంది. కొత్త మెషీన్లో రీయాక్టివేట్ నొక్కితే అడ్మిన్ ఈమెయిల్‌కి అన్‌లాక్ కీ వస్తుంది, అది కొడితే అయిపోయినట్టే. ఒక కాఫీ తాగేంత సేపు.

ఈ కాఫీ సేపు పని చాలా షాపుల్లో వారాలకి వారాలు ఎందుకు సాగుతుందో తెలుసా? ఆ ఈమెయిల్ ఎవరిదో తెలీక. టాలీ కొన్నప్పుడు అమ్మినవాళ్లే తమ ఈమెయిల్ ఐడీ పెట్టేసి యాక్టివేట్ చేసి వెళ్లిపోయి ఉంటారు. లేదా ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ ఐడీ ఉంటుంది. సీరియల్ నంబరు తొమ్మిది అంకెలు, అది మాత్రం స్క్రీన్ మీదే కనిపిస్తుంది. కానీ కీ వచ్చేది ఆ ఈమెయిల్‌కే. మాది నేను ముందే ఓనరు గారి ఈమెయిల్ మీదకి మార్పించి ఉంచాను కాబట్టి ఇబ్బంది పడలేదు. మీ కంప్యూటర్లు మార్చే ఆలోచన లేకపోయినా సరే, ఈ ఒక్కటి ఇవాళే చూసుకోండి. పాత మెషీను ఉన్నట్టుండి చచ్చిపోతే సరెండర్ నొక్కడానికి మెషీనే ఉండదు. అప్పుడు లైసెన్సు మీదేనని చూపించుకోవడానికి ఉండేది ఆ ఐడీ ఒక్కటే.

గోల్డ్ లైసెన్సులో ఇంకో సుఖం ఉంది. సిల్వర్ ఒక్క కంప్యూటర్‌కే. గోల్డ్ అయితే ఒకే లాన్‌లో, అంటే షాపులోని కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్‌లో, ఎన్ని సిస్టమ్‌లైనా. లైసెన్సు ఒక్క మెషీన్లోనే యాక్టివేట్ అవుతుంది, మిగతావి నెట్‌వర్క్‌లో దాన్ని అడిగి తీసుకుంటాయి. టాలీ గేట్‌వే సర్వర్ అనే చిన్న సర్వీసు ఆ పని చూస్తుంది, మామూలుగా 9999 పోర్టులో. అంటే నాలుగు సిస్టమ్‌లు మార్చినా సరెండర్, రీయాక్టివేట్ ఒక్కసారే, నా టేబుల్ మీద దానికే. మిగతా మూడింటికీ లైసెన్సు నెట్‌వర్క్ నుంచి తీసుకోమని, సర్వర్ పేరూ పోర్టూ చెబితే చాలు. విండోస్ ఫైర్‌వాల్ ఆ పోర్టుని అడ్డుకోకుండా చూసుకోవాలి. మరి "సిస్టమ్‌కి ఇంత" అని నాలుగింటికి మైగ్రేషన్ ఛార్జీ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. అడిగితే "మామూలుగా అంతే తీసుకుంటాం మేడమ్" అన్నారు.

డేటా సంగతి ఇంకా తేలిక, ఇంకా ప్రమాదం కూడా. టాలీ డేటా అంటే ఒక ఫోల్డరు, అందులో ఒక్కో కంపెనీకి ఒక నంబరు ఫోల్డరు. మావి పాత కంపెనీలు కాబట్టి 10000, 10001 అని ఉంటాయి. అన్ని సిస్టమ్‌లలోనూ టాలీ మూసేసి ఆ ఫోల్డర్‌ని కాపీ చేసి కొత్తదాంట్లో పెట్టి, దారి చూపిస్తే కంపెనీలన్నీ వచ్చేస్తాయి. ఆల్ట్ వై కొట్టి బ్యాకప్, రిస్టోర్ కూడా చేయొచ్చు. నేను రెండూ చేసి పెట్టుకుంటాను, పెన్‌డ్రైవ్ ఒకటి ఓనరు గారింటికి పంపిస్తాను. ఎక్కడో ఒక కౌంటర్లో టాలీ తెరిచి ఉండగా కాపీ చేస్తే మాత్రం కాపీ అతుకుల బొంత అవుతుంది, అది ఏ వోచరు, అంటే ఏ ఎంట్రీ, తెరిచినప్పుడు బయటపడుతుందో చెప్పలేం. డేటాకి తాళం వేసే టాలీ వాల్ట్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు అది ముందుగా రాసి పెట్టుకోండి. మర్చిపోతే ఇక ఆ డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

కాపీ సరిగా వచ్చిందో లేదో చూడటానికి చాలామంది బ్యాలెన్స్ షీట్ తెరిచి "ఆ, టాలీ అయింది" అంటారు. అది చాలదు. టాలీలో స్టాటిస్టిక్స్ అని ఒక రిపోర్టు ఉంది. ఏ రకం వోచర్లు ఎన్ని, లెడ్జర్లు ఎన్ని, స్టాక్ ఐటమ్స్ ఎన్ని, అన్నీ లెక్కపెట్టి చూపిస్తుంది. పాతదాంట్లో అది ప్రింటు తీసుకుని, కొత్తదాంట్లో తెరిచి పక్కన పెట్టి గీతలు కొట్టుకుంటూ పోవాలి. ట్రయల్ బ్యాలెన్స్ కూడా అంతే. నాకు తెలిసి టాలీలో ఎవరూ పట్టించుకోని మంచి రిపోర్టు ఇదే.

ఆ తరవాత చేయాల్సిన పని ఒకటుంది, డీలర్ కుర్రాళ్లు ఎప్పుడూ చేయరు. పాత మెషీన్లో ఉన్న డేటా ఫోల్డర్ పేరు మార్చేయాలి. నేను "పాతది_వాడొద్దు" అని పెడతాను. లేకపోతే కౌంటర్లో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ పాత డేటాలో బిల్లు కొట్టేస్తారు. మా లైన్లోనే ఒక షాపులో ఇలా జరిగింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బిల్లులు పాత డేటాలోకి, రశీదులు కొత్త డేటాలోకి. మామూలు బిల్లులయితే మళ్లీ ఎంట్రీ వేసుకోవచ్చు. వాళ్లకి ఈ-ఇన్వాయిస్ ఉంది, అంటే బిల్లు ప్రభుత్వ పోర్టల్లో నమోదవ్వాలి. టర్నోవర్ ఐదు కోట్లు దాటినవాళ్లందరికీ 2023 ఆగస్టు 1 నుంచి తప్పదు కదా. పాత డేటాలో కొట్టిన బిల్లులకి పోర్టల్లో ఐఆర్ఎన్‌లు (నమోదు నంబర్లు) వచ్చేశాయి, మధ్యాహ్నం నుంచి కొత్త డేటాలో అవే నంబర్లతో వేరే బిల్లులు పడ్డాయి. ఐఆర్ఎన్ రద్దు చేసుకోవడానికి ఇరవై నాలుగు గంటలే టైము. రద్దు చేసినా ఆ నంబరు మళ్లీ వాడటానికి లేదు. వాళ్ల అకౌంటెంట్ ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఎంత బాధపడ్డాడో.

ఇక్కడిదాకా టాలీ. నా లెక్కలో దీనికి పూర్తి మార్కులు. సాఫ్ట్‌వేరూ, హక్కూ, లెక్కలూ దేనికది విడదీసి పెట్టడం వల్లే ఇన్నేళ్లలో ఎన్ని మెషీన్లు మారినా మా పుస్తకాలు చెక్కుచెదరలేదు. కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో డేటాబేసు ఎక్కడుందో అమ్మినవాడికి తప్ప ఎవరికీ తెలీదు, మార్చాలంటే వాడి కాళ్లు పట్టుకోవాలి.

అసలు కష్టాలకి వద్దాం.

కొత్త సర్వర్‌లో డేటా ఫోల్డర్‌ని షేర్ చేసి, కౌంటర్ నుంచి తెరవబోతే తెరుచుకోలేదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఏది కొట్టినా ఒప్పుకోదు. కుర్రాళ్లు పాత పద్ధతిలో ఎవ్రీవన్ అని పెట్టి పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ తీసేశారు, అయినా లేదు. రీస్టార్ట్ చేశారు, కేబుల్ మార్చారు, చివరికి సిస్టమ్‌లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ పోయింది, కొత్తది కొనాలన్నారు. స్విచ్ ఏం చేసింది పాపం! కౌంటర్ నుంచి పింగ్ కొడితే (ఉన్నావా అని అడిగితే) సర్వర్ లక్షణంగా జవాబిస్తుంది. సంగతేమిటంటే, విండోస్ 11 ప్రో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌తో షేర్ ఫోల్డర్లు తెరవడాన్ని విండోస్ తనంతట తానే ఆపేస్తుంది. దానికి కారణం ఉంది. తాళం లేని షేర్ ఫోల్డర్ ఉంటే నెట్‌వర్క్‌లో ఒక్క మెషీన్‌కి వైరస్ తగిలినా డేటా మొత్తం గల్లంతవుతుంది. ఆటోనగర్లో సగం షాపుల్లో టాలీ డేటా అలా తలుపులు బార్లా తీసి ఉన్న ఇల్లే.

ఇంటర్నెట్లో వెతికితే ఆ కొత్త రక్షణని తీసేసే చిట్కాలు బోలెడు దొరుకుతాయి. కుర్రాళ్లు అవే చేయబోయారు. వద్దని, సర్వర్లో టాలీ కోసమని ఒక లోకల్ యూజర్‌ని సృష్టించి, దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్‌ని ఆ యూజర్‌కి మాత్రమే షేర్ చేయించాను. కౌంటర్ సిస్టమ్‌లలో ఆ పేరూ పాస్‌వర్డూ ఒకసారి కొట్టి, గుర్తుపెట్టుకోమని టిక్ పెడితే సరిపోయింది. నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చాలి. కొత్త విండోస్ ఎక్కించిన ప్రతిసారీ ఇది పబ్లిక్‌లోనే ఉంటుంది. ఇంకొకటి, డ్రైవ్ అక్షరం. పాత సిస్టమ్‌లలో డేటా జడ్ డ్రైవ్‌గా కనపడేది, టాలీ సెట్టింగుల్లో అదే దారి రాసి ఉంది. కొత్తవాటిలోనూ అదే అక్షరం ఇస్తే మిగతావేవీ ముట్టుకోనక్కర్లేదు.

ఈ వరసలో వన్‌డ్రైవ్ గురించి ఒక మాట. కొత్త విండోస్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే డెస్క్‌టాపు, డాక్యుమెంట్లు వన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోమంటుంది. ఫొటోలకి, లెటర్లకి బాగుంటుంది. టాలీ డేటా ఫోల్డర్‌ని మాత్రం పొరపాటున కూడా అందులో పెట్టకండి. ఇటు టాలీ రాస్తూ ఉంటుంది, అటు సింక్ అవుతూ ఉంటుంది, రెండింటి మధ్య ఫైలు నలిగిపోతుంది. బ్యాకప్ ఫైలు పెట్టుకోండి, అది మంచిదే.

ఇప్పుడు ప్రింటరు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది ఎవరూ రాయరు.

మా కౌంటర్లో రెండు ప్రింటర్లు. జీఎస్టీ నంబరున్న పార్టీలకి ఈ-ఇన్వాయిస్ కాబట్టి లేజర్. క్యూఆర్ కోడ్ శుభ్రంగా పడాలి కదా, డాట్ మ్యాట్రిక్స్ టెక్స్ట్ ప్రింటులో అది కుదరదు. కౌంటర్ మీదకి వచ్చే డ్రైవర్లకి, మెకానిక్కులకి మాత్రం డాట్ మ్యాట్రిక్స్. చిల్లుల పేపరు, మధ్యలో కార్బన్, ఒక్క దెబ్బకి రెండు కాపీలు. అది కొట్టే శబ్దం వింటేనే డ్రైవర్‌కి బిల్లు వస్తోందని నమ్మకం. పేపరు పది అంగుళాల వెడల్పు, పన్నెండు పొడుగు. మేం దాన్ని సగానికి వాడతాం. ఆరు అంగుళాల దగ్గర చింపే గీత ఉంటుంది.

కొత్త సిస్టమ్‌కి ప్రింటర్ తగిలించారు. డ్రైవర్ వేశారు. టెస్ట్ పేజీ వచ్చింది. "అయిపోయింది మేడమ్" అన్నారు. బిల్లు కొడితే మొదటిది బాగానే వచ్చింది. అది అయిపోయాక పేపరు ఆగకుండా పైకి పోయి, చింపే గీత దాటి ఎక్కడో ఆగింది. రెండో బిల్లు గీత మీద నుంచి మొదలైంది. షాపు పేరు ఒక ముక్కలో, ఐటమ్స్ ఇంకో ముక్కలో. మూడోది ఇంకా కిందకి. మా బిల్లింగ్ అమ్మాయి ప్రతి బిల్లుకీ చేత్తో పిడి తిప్పి గీత సరిచేస్తోంది, కౌంటర్ దగ్గర జనం పెరిగిపోతున్నారు.

సంగతి ఏమిటంటే, పాత సిస్టమ్‌లో ఎవరో ఎప్పుడో విండోస్‌కి "పది బై ఆరు" అనే పేపరు సైజు నేర్పారు. అది టాలీలో ఉండదు, ప్రింటర్లోనూ ఉండదు. విండోస్‌లో ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ అని ఒక చోటుంది, అందులో ఫారమ్స్ అనే పేజీ. అక్కడ కొత్త ఫారం తయారుచేసి వెడల్పు, పొడుగు అంగుళాల్లో ఇచ్చి ఒక పేరు పెట్టాలి. తరవాత ప్రింటర్ ప్రిఫరెన్సుల్లో ఆ పేపర్‌ని ఎంచుకోవాలి, ఆఖరున టాలీలో కూడా అదే ఎంచుకోవాలి. మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా ప్రింటర్ ఏ4 అనుకునో లెటర్ సైజు అనుకునో పేపర్‌ని తోసేస్తుంది. పాత సిస్టమ్ ఇంకా అమ్మేయలేదు కాబట్టి దాన్ని వెలిగించి ఆ ఫారం కొలతలు ఫోన్లో ఫొటో తీసుకుని కొత్తదాంట్లో పెట్టాను. కుర్రాళ్లకి ఆ పేజీ ఉందనే తెలీదు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల వయసుకి డాట్ మ్యాట్రిక్స్ అంటే బ్యాంకులోనో ఆర్టీసీ కౌంటర్లోనో చూసిన వస్తువు. కానీ ఛార్జీ వేసినప్పుడు తెలుసుకోవాలి కదా.

పాత ప్రింటర్‌కి పారలల్ కేబుల్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించండి. ఇప్పటి కంప్యూటర్లలో ఆ పోర్టు దాదాపుగా రావడం లేదు. యూఎస్‌బీ మార్పిడి కేబుల్ దొరుకుతుంది, అన్నీ ఒకేలా పనిచేయవు. కొనే ముందు షాపులోనే ప్రింటు కొట్టించి చూసుకోవడం మేలు.

టీడీఎల్ గొడవ చిన్నదే గానీ కోపం తెప్పించింది. మా బిల్లులో లారీ నంబరుకి, గోడౌన్లో ర్యాక్ నంబరుకి విడిగా గళ్లు ఉంటాయి. ఎప్పుడో ఒకాయన చేత రాయించుకున్నాం. అది టాలీతో పాటు రాదు. ఒక చిన్న ఫైలు, అది ఎక్కడుందో టాలీలో దారి చెప్పాలి. కొత్త సిస్టమ్‌లలో ఆ ఫైలు పెట్టలేదు కాబట్టి గళ్లు మాయమయ్యాయి. గోడౌన్ కుర్రాడు "ర్యాక్ నంబర్లన్నీ పోయాయి" అని కంగారుపడుతూ వచ్చాడు. డీలర్ వాళ్లు చూసి, "ఇది మళ్లీ కొత్తగా డెవలప్ చేయాలి, కొటేషన్ ఇస్తాం" అన్నారు. నంబర్లు ఎక్కడికీ పోలేదు, డేటాలోనే ఉన్నాయి. చూపించే ఫైలు లేదంతే. పాత సర్వర్లో ఎఫ్1 కొట్టి టీడీఎల్స్ అండ్ ఆడ్-ఆన్స్ చూస్తే ఫైలు దారి అక్కడే రాసి ఉంది. కాపీ చేసి కొత్తవాటిలో అదే దారిలో పెట్టగానే గళ్లు తిరిగొచ్చాయి. ఇలాంటి ఫైళ్లని కొందరు టాలీ సీరియల్ నంబరుకి ముడిపెట్టి ఇస్తారు, మన సీరియల్ మారదు కాబట్టి కంప్యూటర్ మారినా పనిచేస్తుంది. ఆ కొటేషన్ కాగితం నా దగ్గరే ఉంది. ఉన్నదాన్ని మళ్లీ రాయడానికి అడిగిన డబ్బుతో ఇంకో ప్రింటర్ వచ్చేది.

ఓనరు గారి ఎక్సెల్ షీటు టాలీ నుంచి స్టాకు లాక్కుంటుంది, ఒక సాఫ్ట్‌వేర్ డేటాని ఇంకోదానికి అందించే ఓడీబీసీ ద్వారా, 9000 పోర్టులో. టాలీ కనెక్టివిటీ సెట్టింగుల్లో అది ఆన్ చేసి, పోర్టు నంబరు పాతదే ఇస్తే కదిలింది. ఆఫీసు 32 బిట్టా 64 బిట్టా అన్నది టాలీతో జత కుదరాలి, లేకపోతే ఎక్సెల్‌కి డ్రైవరే కనిపించదు. డిజిటల్ సిగ్నేచర్ మాకు పెద్దగా అవసరం పడదు, మాది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి జీఎస్టీ రిటర్నులు ఓటీపీతో వెళ్లిపోతాయి. కంపెనీలు, ఎల్ఎల్‌పీలు మాత్రం సిగ్నేచర్ ఉండే యూఎస్‌బీ టోకెన్ డ్రైవర్‌ని, సంతకం చేయించే యుటిలిటీని రిటర్ను గడువైన 20వ తేదీకి ముందే కొత్త సిస్టమ్‌లో వేసి చూసుకోండి. ఆ తేదీ సాయంత్రం వేసి చూస్తే ఏం జరుగుతుందో ఆడిటర్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి తెలుసు.

ఒక సలహా. అన్ని సిస్టమ్‌లలోనూ టాలీ రిలీజు ఒకటే ఉండాలి. కొత్తవాటిలో వేసేది కొత్త రిలీజు, పాతవాటిలో ఉన్నది పాత రిలీజు అయితే డేటా కొత్తదానికి మారిపోయాక పాతది దాన్ని తెరవలేదు. కాబట్టి ఇవాళ రెండు, వచ్చే నెల రెండు అని విడతలుగా మార్చేవాళ్లు పాత సిస్టమ్‌లలో కూడా టాలీని అప్‌డేట్ చేసుకుంటేనే బండి నడుస్తుంది. దానికి టీఎస్ఎస్ చందా, అంటే టాలీ అప్‌డేట్లకి కట్టే చందా, బతికి ఉండాలి. గోల్డ్ లైసెన్సు జీవితకాలానిదే, చందా కట్టకపోయినా ఉన్న రిలీజు నడుస్తూనే ఉంటుంది, కానీ కొత్త రిలీజులు రావు. మార్పిడికి ముందు గడువు చూసుకోండి. మార్చే రోజు కూడా నెల మొదట్లోనో రిటర్నుల వారంలోనో కాకుండా చూసుకోండి. మేం ఆదివారం చేశాం, ఆటోనగర్ ఆ రోజు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

గోల్డ్ కొనాలా, సిల్వర్ చాలా అని కొత్తగా షాపు పెట్టినవాళ్లు అడుగుతుంటారు. గోల్డ్ ధర సిల్వర్‌కి మూడింతలు. బిల్లింగూ అకౌంట్సూ ఒకే మనిషి చూసే షాపుకి సిల్వర్ చాలు. కౌంటర్ ఒకటి, అకౌంటెంట్ ఒకరు అని వేరయిన రోజున గోల్డ్‌కి వెళ్లక తప్పదు. సిల్వర్ ఉన్నవాళ్లు రెండో సిస్టమ్ కొంటే దానిలోనూ టాలీ వేసి ఇస్తామని కొందరు చెబుతారు, అది క్రాక్ చేసిన కాపీ. లెక్కలన్నీ అందులో పెట్టుకుని, రేపు ఏదైనా అయితే ఎవరిని అడుగుతారు?

టాలీకి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే, ప్రింటర్ ఎంపికా డేటా దారీ టీడీఎల్ దారీ వంటి సెట్టింగులు ఏ మెషీన్‌కి ఆ మెషీన్లో ఉండిపోతాయి. నాలుగు సిస్టమ్‌లకీ నాలుగుసార్లు చెప్పుకోవాలి. టాలీ డాట్ ఐఎన్ఐ అనే ఫైలు ప్రోగ్రాము ఫోల్డర్లో ఉంటుంది. డేటా దారి, లైసెన్సు సర్వర్ పేరు, టీడీఎల్ దారి అందులోనే రాసి ఉంటాయి. ఒక కౌంటర్లో సరిచేసి రెండో కౌంటర్‌కీ గోడౌన్ సిస్టమ్‌కీ దాన్నే కాపీ చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. ప్రింటర్లు మాత్రం మళ్లీ చెప్పాల్సిందే.

డీలర్‌కి ఒకటి. అది కూడా కేబుళ్లు పొందిగ్గా కట్టి, ప్రతి కేబుల్‌కీ రెండు కొసల్లో నంబరు చీటీ అంటించినందుకు. ఆ పని నిజంగా బాగా చేశారు. మైగ్రేషన్ ఛార్జీలో ఒక్క సిస్టమ్‌ది మాత్రం ఇచ్చి మిగతా మూడూ కొట్టేయించాను, స్విచ్ కొనలేదు, టీడీఎల్ కొటేషన్ తిప్పి పంపాను. సంవత్సరం కాంట్రాక్టు ఈసారి రెన్యూ చేయలేదు. డాట్ మ్యాట్రిక్స్ రిబ్బన్లు మాత్రం ఇంకా వాళ్ల దగ్గరే కొంటున్నాం, అవి నల్లగా, చాలా రోజులు వస్తాయి.